సీలు వేసిన పాస్తా

మనుషులు నూరేళ్ళు బతకాలంటే గ్రీకుల్లా తినాలని సంచాలకులవారికి విమానంలో తోచింది. హాస్టళ్ళ నిర్వహణ మీద సదస్సంటే ఆయన గ్రీసు దేశం వెళ్ళి, తొమ్మిది రోజులు సముద్రపు ఒడ్డున కూర్చుని నిర్వహణ గురించి ఆలోచించి, తిరిగొస్తూ ఉండగా తోచింది. ఆయన విమానం దిగిన నాలుగో రోజుకల్లా నర్సింగ్ విద్యార్థినుల హాస్టళ్ళన్నిటికీ సర్క్యులర్ వచ్చేసింది. ఇకమీదట ప్రతి గురువారం మధ్యాహ్నం పిల్లలకు గ్రీకు రుచుల శాకాహార పాస్తా పెట్టాలి. వండే మనిషి పరీక్ష నెగ్గాలి. నెగ్గితే ఉద్యోగం పర్మినెంటు, నెగ్గకపోతే జూన్ ముప్పయ్యో తారీఖుతో కాంట్రాక్టు సరి.

ఆ ఆఖరి వాక్యాన్ని మంగతాయారు మూడుసార్లు చదివించుకుంది. కాలువ గట్టు మీదున్న ఆ జిల్లా కేంద్రంలో, నూట పాతికమంది ఉండే నర్సింగ్ హాస్టల్లో ఆవిడ పందొమ్మిదేళ్ళుగా వంటమనిషి. పందొమ్మిదేళ్ళుగా కాంట్రాక్టు మనిషి కూడా. ఏటా జూన్ వచ్చిందంటే కాంట్రాక్టు మళ్ళీ రాస్తారో రాయరోనని ఆవిడకి ముద్ద దిగేది కాదు. పర్మినెంటు అన్న మాట చెవినబడితే చేతిలో గరిటె ఆగిపోయేది.

ఆవిడకి పొగరంటూ ఉంటే ఒక్క సంగతిలోనే. ఇన్నేళ్ళలో ఆవిడ వంట తిని ఒక్క పిల్లకీ కడుపునొప్పి రాలేదు. పొద్దున్న వండింది రాత్రికి పెట్టదు. గిన్నె మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుందంటే ఆ కూర పొయ్యి దిగి ఎన్ని గంటలయిందో చెప్పేస్తుంది. ఆ ముక్కంటే వార్డెన్‌కి కూడా భయమే.

"చదవవే ఎస్తేరూ, ఏమేం కావాలంటాడు?" అంది. ఎస్తేరు మూడో సంవత్సరం విద్యార్థిని. కాగితం ఎంత గజిబిజిగా ఉన్నా విసుక్కోకుండా చదివే పిల్ల.

"పాస్తా, టమాటా, వంకాయ, కాప్సికం, పాలకూర, వెల్లుల్లి, నిమ్మకాయ. ఇంకా ఆలివ్ కాయలు, ఫెటా అని ఉప్పుజున్ను, ఒరెగానో అని ఒక ఆకు. పాస్తా వాళ్ళు పంపుతారంట పిన్నీ. మిగిలినవన్నీ స్థానికంగా సమకూర్చుకొనవలెను అని రాశారు."

స్థానికంగా అంటే కూరగాయల బజారు. అక్కడ ఆలివ్ కాయలు అడిగితే కొట్టువాడు మంగతాయారుని ఎగాదిగా చూసి, ఆరోగ్యం బాగానే ఉందా అక్కా అన్నాడు. ఆవిడేం చిన్నబుచ్చుకోలేదు. హాస్టలుకొచ్చి, ఆ మూడింటి రుచీ ఎలా ఉంటుందో ఎస్తేరు చేత ఫోనులో చదివించుకుంది. ఒకటి ఉప్పగా వగరుగా ఉంటుందట. ఒకటి ఉప్పగా పుల్లగా పొడిపొడిగా ఉంటుందట. ఆకేమో ఘాటుగా ఉంటుందట.

"ఓసి దీని దుంపతెగ, ఇంతేనా" అంది మంగతాయారు.

ఉప్పులో ఊరిన ఉసిరికాయలు జాడీలో ఉండనే ఉన్నాయి. పాలు విరగ్గొట్టి, గుడ్డలో వేసి రాయి పెట్టి, ఆ గడ్డని ఉప్పు కలిపిన పుల్లమజ్జిగలో రెండు రోజులు ముంచి ఉంచింది. ఘాటైన ఆకంటే పెరట్లో కుళాయి పక్కన వామాకు మొక్క ఉంది. వంకాయలు నిప్పుల మీద కాల్చి, తొక్క తీసి, వెల్లుల్లి, టమాటా గుజ్జులో మగ్గనిచ్చింది. ఉడికిన పాస్తా అందులో వేసి, పైన వామాకు తరుగు, ఉసిరి ముక్కలు, చిదిపిన ఉప్పుజున్ను చల్లి, దింపేముందు నిమ్మకాయ పిండింది. కాస్త చేతిలో వేసుకుని నోట్లో పెట్టుకుంది.

"గ్రీకులు మరీ తెలివితక్కువోళ్ళేం కాదే" అంది.

ఆ గురువారం నూట పాతికమందీ రెండోసారి పెట్టించుకున్నారు. అడుగంటినదానికోసం ఇద్దరు పిల్లలు మాటా మాటా అనుకున్నారు. అది చూసి మంగతాయారు, ఈ పరీక్ష నేను నెగ్గినట్టేనని ధైర్యంగా అనుకుంది. పాపం, అప్పటికి ఆవిడకి కనకలింగంగారి సంగతి తెలియదు.

కనకలింగంగారు జిల్లా కార్యాలయంలో సూపరింటెండెంటు. ఇరవయ్యారేళ్ళుగా హాస్టళ్ళకు దుప్పట్లు కొనే ఫైలు చూస్తున్నాడు. దుప్పట్ల గురించి తెలిసినంతగా ఆయనకి లోకంలో ఇంకేదీ తెలియదు, తెలుసుకోవలసిన అవసరమూ రాలేదు. పాస్తా పరీక్షకు నియమాలు తయారుచేయమని పైనుంచి ఉత్తరువు రాగానే ఆయన దుప్పట్ల ఫైలు తీసి, దుప్పటి అని ఉన్నచోటల్లా పాస్తా అని టైపు చేయించాడు. ఇరవై రెండు నియమాలు గంటలో తయారయ్యాయి. ఇంత త్వరగా తయారైనందుకు పైవాళ్ళు ఆయన్ని అభినందించారు కూడా.

దుప్పట్లు కొనేటప్పుడు మంచి దుప్పటి ఒకటి ఎంచి, మడతపెట్టి, లక్కతో సీలు వేసి బీరువాలో పెడతారు. దాన్ని నమూనా అంటారు. తరవాత వచ్చే దుప్పట్లన్నీ ఆ నమూనాతో పోల్చి చూస్తారు. అందుచేత మార్చి మొదటి వారంలో ప్రారంభోత్సవం నాడు పెద్ద హోటలు నుంచి టోపీ పెట్టుకున్న వంటవాడొకాయన వచ్చి పాస్తా వండితే, ఒక గాజు సీసాడు తీసి, బిరడా బిగించి, లక్క పోసి సీలు వేసి, ఇద్దరు అధికారులు సంతకాలు చేసి ఇనప బీరువాలో పెట్టారు. సీసా మీద చీటీ అంటించారు. నమూనా, చెల్లుబాటు రెండు సంవత్సరాలు.

ఏప్రిల్ ఆఖరున మంగతాయారు క్యారియరు పట్టుకుని పరీక్షకు వెళ్ళేసరికి, కార్యాలయం మెట్ల మీదే ఏదో వాసన తగిలింది. పై అంతస్తుకు వెళ్ళేకొద్దీ ఎక్కువైంది. యాభై రెండు, యాభై మూడు రోజులు, అని ఆవిడ ముక్కు దానంతటదే లెక్కకట్టేసింది.

బల్లకు అటువైపు ఉప సంచాలకులు విశ్వంభరరావుగారు, ఆయన పక్కన కనకలింగంగారు కూర్చున్నారు. ఇద్దరూ ముక్కులకు రుమాళ్ళు కట్టుకుని, ఏమీ జరగనట్టు ఉన్నారు. మధ్యలో సీసా ఉంది. అందులో ఏముందో గాజులోంచి చక్కగా కనబడుతోంది. అడుగున నల్లగా, మధ్యలో ఆకుపచ్చగా, పైన తెల్లటి నూగుతో ఉంది.

"అభ్యర్థిని తెచ్చిన సరుకును నమూనాతో పోల్చడమైనది" అని కనకలింగంగారు రాసుకుంటూ చదివాడు. "రంగు. నమూనాలో నలుపు, ఆకుపచ్చ. సరుకులో ఎరుపు. తేడా ఉన్నది. వాసన. నమూనా వాసన మెట్ల వరకు చేరుచున్నది. సరుకు వాసన బల్ల వరకే. నాణ్యత చాలదు. పైభాగమున నమూనాలో తెల్లని నూలు వంటి అలంకారము ఉన్నది. సరుకులో లేదు."

"అది అలంకారం కాదండి బాబూ, బూజండి. అది పాడైపోయిందండి" అంది మంగతాయారు.

విశ్వంభరరావుగారు రుమాలు సర్దుకున్నారు. "చూడమ్మా, చెల్లుబాటు రెండు సంవత్సరములని దాని మీదే స్పష్టముగా ఉన్నది. చెల్లుబాటులో ఉన్న నమూనా పాడగుటకు అవకాశము లేదు. పైగా గ్రీకుల జున్నుకు ఘాటైన వాసన ఉండునని నేను స్వయముగా చదివితిని."

"ఏడో నియమం మిగిలింది సర్" అన్నాడు కనకలింగంగారు. "సరుకును రెండుసార్లు ఉతికినను రంగు పోరాదు, కుంచించుకుపోరాదు."

ఒక బకెట్టు, సబ్బు సిద్ధంగానే ఉన్నాయి. మంగతాయారు నోరు తెరుచుకుని చూస్తుండగానే, పిల్లలు రెండోసారి అడిగి పెట్టించుకున్న పాస్తాని కనకలింగంగారు చొక్కా చేతులు మడిచి జాగ్రత్తగా రెండుసార్లు ఉతికి, తీగె మీద ఆరేశాడు. రంగు పోయింది. రెండు ముక్కలు తెగి కింద పడ్డాయి. అన్ని విధాలా అనుత్తీర్ణురాలని రాసి, మరో అవకాశానికి మూడు వారాలు గడువిచ్చి, ఖాళీ క్యారియరు ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడకి ఒళ్ళు మండింది.

ఇంతలో పక్క ఊరి హాస్టల్లో వండే భూలక్ష్మి ప్రథమ శ్రేణిలో నెగ్గిందని తెలిసింది. మంగతాయారు వెంటనే ఫోను చేసింది.

"ఎలా నెగ్గావే?"

"ఏం లేదొదినా. వండి, స్టీలు క్యానులో పోసి, మోటారు గదిలో పెట్టి మర్చిపోయాను. పదకొండో రోజున తీసుకెళ్ళాను. చూడగానే కనకలింగంగారు లేచి నిలబడ్డారు. నూలు మాత్రం నమూనాలోకన్నా నాదాంట్లోనే దట్టంగా ఉందని రాశారు."

"మరి ఉతుకుడో?"

"నల్లటిదానికి రంగేం పోతుందొదినా."

"మరి గురువారం పిల్లలకేం పెడతావ్?"

"నమూనా ప్రకారమే పెట్టాలంట. తనిఖీకొస్తారంట. పెడతాను, వాళ్ళు తినరు, పారబోస్తాను. పిల్లలు గురువారాలు అరటిపళ్ళతో సరిపెట్టుకుంటున్నారు. ఏం చెయ్యమంటావ్ చెప్పు, పర్మినెంటు కదా."

మంగతాయారు కూడా ప్రయత్నించింది, కాదనడానికి లేదు. పాస్తా వండి, క్యానులో పోసి, మెట్లకింద పెట్టి మూతేసింది. మొదటి రోజు అటు వెళ్ళలేదు. రెండో రోజు అటు చూడకుండా చీపురు తీసుకొచ్చింది. నాలుగో రోజున ఇక ఆగలేక మూత తీసింది. పందొమ్మిదేళ్ళలో తన చేత్తో వండింది అలా వాసన రావడం ఆవిడ ఎరగదు. తీసుకెళ్ళి పెంటమీద పారబోసి, క్యాను మూడుసార్లు తోమి, కుళాయి దగ్గరే కూర్చుని ఏడ్చింది. ఉద్యోగం పోతుందనే ఏడ్చింది. ఇంత తేలికైన పని కూడా తన చేత కాలేదని ఏడ్చింది.

ఎస్తేరు వచ్చి పక్కన కూర్చుంది. ఊరుకో పిన్నీ అని రెండుసార్లు అని, మూడోసారి అనబుద్ధికాక, పరీక్ష నియమాల సర్క్యులర్ తెచ్చి మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఇరవై రెండు నియమాలూ వరసగా చదివినవాళ్ళు, కనకలింగంగారితో కలుపుకుని, అప్పటిదాకా ఎవరూ లేరు. అంచులు కుట్టి ఉండవలెను అని పదకొండోది. మడతపెట్టినప్పుడు చతురస్రముగా ఉండవలెను అని పన్నెండోది. పద్నాలుగోది చదివి ఎస్తేరు ఆగిపోయింది.

"పిన్నీ, ఇది విను. సరుకును పోల్చుటకు ముందు పరిశీలనాధికారి నమూనాను స్వయముగా ఒకసారి వాడి, సంతృప్తి చెందవలెను."

మంగతాయారు కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంకోసారి చదవవే" అంది.

మే నెల మూడో వారంలో ఆవిడ రెండో పరీక్షకు వెళ్ళింది. ఈసారి క్యారియరు తీసుకెళ్ళలేదు. రెండు కంచాలు, రెండు చెంచాలు, రెండు గ్లాసుల మంచినీళ్ళు తీసుకెళ్ళింది. అవి బల్లమీద ఒద్దికగా సర్ది, చేతులు కట్టుకుని నిలబడింది.

"సరుకేది?" అన్నారు విశ్వంభరరావుగారు.

"వండుతానండయ్యగారూ. ముందు తమరు నమూనా తినాలండి. పద్నాలుగో నియమమండి. తిన్నాక తమరికెలా ఉందో చెబితే అచ్చం అలాగే వండుతానండి."

విశ్వంభరరావుగారు కనకలింగంగారి వైపు చూశారు. కనకలింగంగారు సర్క్యులర్ వైపు చూశాడు. పద్నాలుగోది అక్కడే ఉంది.

"దుప్పట్ల విషయంలో ఒక రాత్రి కప్పుకుని పడుకునేవాణ్ణి సర్" అన్నాడు మెల్లిగా.

"అయితే దీనిని కూడా కప్పుకొనవచ్చును కదా. వాడుట యనగా తినుటయే అని ఎక్కడ ఉన్నది?"

"లేదు సర్. కానీ సీలు తియ్యకుండా కప్పుకోవడం కుదరదు సర్."

విశ్వంభరరావుగారు చాలాసేపు ఆలోచించి, సీలు విప్పుటకు అనుమతించడమైనది అన్నారు. కనకలింగంగారు చాకు తీసుకుని లక్క మీద ఒక గీత గీశాడు. అంతే. మండు వేసవిలో రెండున్నర నెలలు బిగబట్టుకున్న సీసా ఇక ఒక్క క్షణం కూడా ఆగలేదు. బిరడా వెళ్ళి ఫ్యానుకు తగిలింది. దాని వెనకే నమూనా కూడా వెళ్ళింది. తిరుగుతున్న ఫ్యాను దాన్ని గదిలో ఉన్న ఇద్దరు అధికారులకూ, నాలుగు గోడలకూ, దుప్పట్ల ఫైలుకూ పక్షపాతం లేకుండా పంచిపెట్టింది. మంగతాయారు ఎందుకైనా మంచిదని ముందే గుమ్మం అవతల నిలబడింది.

కొంతసేపటికి కనకలింగంగారు కళ్ళజోడు తుడుచుకుని కలం తీశాడు. "నమూనా దానంతటదే వాడుకలోకి వచ్చి, అధికారులిద్దరిమీదను సమముగా వినియోగమై, అయిపోయినది" అని రాశాడు. విశ్వంభరరావుగారు కింద సంతకం చేశారు. సంతృప్తి చెందితిమి అని కూడా రాయాలి కాబట్టి రాశారు.

నమూనా అయిపోతే కొత్త నమూనా కావాలి. టోపీ పెట్టుకున్న వంటవాడు ఓడలో ఉద్యోగమొచ్చి వెళ్ళిపోయాడట. అందుచేత కొత్త నమూనా తయారుచేసే బాధ్యత అభ్యర్థినికే అప్పగించారు. చెల్లుబాటు మాత్రం మార్చడానికి వీల్లేదు, ఫైల్లో అలాగే ఉంది. రెండేళ్ళు రంగు, రుచి, వాసన ఇసుమంతైనా మారకూడదు. వానలు పడ్డాక ఒకసారి తీసి చూస్తారు. మారితే మాత్రం వండినవారు ఇంటికి.

మంగతాయారు నీరసంగా నడుచుకుంటూ బయల్దేరింది. రెండేళ్ళు చెడకుండా ఉండే కూడు ఎక్కడైనా ఉంటుందా అని తనలో తాను తిట్టుకుంటూ వస్తోంది. వీధిలో ప్రతి అరుగు మీదా మామిడికాయ ముక్కలు తుడుస్తున్నారు. ఏ ఇంట్లో చూసినా ఆవపిండి ఘాటే. ఒకావిడ జాడీకి వాసెన కడుతూ, పోయినేడాది కాయ ఇంకా కరకరలాడుతోందని పక్కావిడతో చెబుతోంది. మంగతాయారు నడివీధిలో ఆగిపోయింది. తరవాత గబగబా వెనక్కి నడిచి, మళ్ళీ కార్యాలయం మెట్లెక్కింది.

"అయ్యగారూ, నాకు నాలుగు రోజులు ఎండ కావాలండి" అంది.

నాలుగు రోజులు హాస్టలు డాబా ఆవిడదే. ఎండు పాస్తాని ఉడికించకుండా ఉప్పేసిన నిమ్మరసంలో నానబెట్టి, తీసి ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టింది. టమాటా ముక్కలు, వంకాయ ముక్కలు ఎండలో వొరుగులయ్యాయి. ఉసిరి ముక్కలు, వెల్లుల్లి రెబ్బలు, ఎండబెట్టి నలిపిన వామాకు వేసింది. ఆవపిండి, మెంతిపిండి, ఎర్రటి కారం, పసుపు, రాళ్ళుప్పు కలిపి, అన్నీ మునిగేలా పప్పునూనె పోసింది. చేత్తో ఒక్క తడి చుక్క తగలనివ్వలేదు. పాలకూర, ఉప్పుజున్ను మాత్రం వెయ్యలేదు, నిలవ ఉండవని. మూడోనాడు తిరగకలిపి ముక్కు దగ్గర పెట్టుకుంది. ఈ ముక్కు ఇక రెండేళ్ళ వరకు దీని వయసు చెప్పలేదని ఆవిడకి తెలిసిపోయింది.

పరీక్షలో రంగు బాగుందన్నారు. వాసన మెట్లవరకూ వెళ్ళింది, మెట్లెక్కుతున్నవాళ్ళు ఆగి లొట్టలు వేశారు. కనకలింగంగారు బకెట్టు తెచ్చి రెండుసార్లు ఉతికాడు. రంగు పోలేదు. మూడోసారి పట్టుదలకు పోయి ఉతికాడు. బకెట్టు ఎర్రబడింది, సబ్బు ఎర్రబడింది, ఆయన చొక్కా చేతులు ఎర్రబడ్డాయి, పాస్తా మాత్రం అలాగే ఉంది. ఇరవయ్యారేళ్ళలో ఇటువంటి దుప్పటి చూడలేదని ఆయన ఆ ఎర్రటి చేతులతోనే ఫైల్లో రాశాడు.

విశ్వంభరరావుగారు ఒక ముక్క నోట్లో వేసుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. తెరిచాక, "గ్రీకులు దీనిని దేనితో తినెదరు?" అని అడిగారు.

"వేడన్నంలో నెయ్యేసుకునండి" అంది మంగతాయారు.

"అవును. నేను కూడా అటులనే చదివితిని" అన్నారు ఆయన.

సీసాకి సీలు పడింది. నమూనా సంగతి తేలేదాకా కాంట్రాక్టు పొడిగించారు. వర్షాలు కురిశాయి. బీరువాలో కాగితాలు చెమ్మగిల్లి ఒకదానికొకటి అంటుకుపోయాయి. ఆగస్టు చివర సీసా తీసి చూస్తే ఇసుమంతైనా మారలేదు. సంచాలకులవారికి ఒక జాడీ పంపితే, తింటూ ఉంటే ఆ సముద్రపు ఒడ్డు కళ్ళముందు కనబడిందని జవాబు రాశారు. రాష్ట్రమంతటా ఇదే నమూనా అన్నారు. భూలక్ష్మి హాస్టల్లో అరటిపళ్ళు మానేశారు. ప్రతి గురువారం మధ్యాహ్నం నర్సింగ్ పిల్లలందరూ గ్రీకుల్లాగా ఎర్రగా కలుపుకుని తిన్నారు.

ఆ తరవాత ఒక గురువారం పొద్దున్న మంగతాయారుకి ఉత్తర్వు వచ్చింది. ఎసరు పెట్టి, చేతులు తుడుచుకుని, ఎస్తేరుని పిలిచి చదవమంది. ఎస్తేరు చదవడం మొదలుపెట్టి, తడబడి, మొహం ఎర్రగా చేసుకుంది. కనకలింగంగారికి వంటమనిషిని పర్మినెంటు చేసే ఉత్తర్వు ఎలా రాయాలో తెలియదు, తెలిసిన ఫైలు చూసి రాశాడు.

"శ్రీమతి మంగతాయారు, ఒకటి. నమూనాతో సరిపోల్చి స్వీకరించడమైనది. పందొమ్మిది సంవత్సరముల వాడుక తరువాత కూడ రంగు పోలేదు, కుంచించుకుపోలేదు, అంచులు చెదరలేదు. అన్ని కాలములలోను పనికివచ్చును. హాస్టలు సరుకుల జాబితాలో శాశ్వతముగా చేర్చడమైనది." ఎస్తేరు కాగితం బల్లమీద కొట్టింది. "పిన్నీ, ఇది దుప్పటికి రాసే కాగితం. వెనక్కి పంపించి సరిగ్గా రాయించుకుందాం."

"శాశ్వతంగా అని ఉందా?"

"ఉంది."

"ముందు నుంచి మళ్ళీ చదవవే, మెల్లిగా."

ఎస్తేరు మెల్లిగా చదివింది. అంచులు చెదరలేదు అన్నచోట మంగతాయారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇన్నేళ్ళలో వచ్చిన కాగితాలన్నిట్లోనూ గ్యాసు ఎక్కువ కాలుతోందనీ, నూనె తగ్గించాలనీ, ఆలస్యమైతే సంజాయిషీ ఇవ్వాలనీ ఉండేది. ఆవిడ గురించి ప్రభుత్వం ఒక మంచిమాట రాయడం ఇదే మొదటిసారి.

"ఉండనీవే" అంది. "ఒక్కటైనా అబద్ధముందా అందులో?"

కాగితం మడిచి పోపులపెట్టె కింద పెట్టి, ఎసరు తెర్లుతుంటే వెళ్ళి బియ్యం పోసింది.